హైవే ఇంజినీర్లకు బహిరంగ లేఖ: స్మార్ట్ రోడ్డు లెక్కలో నడిచే మనిషి ఎక్కడ?

హైవేలు డిజైన్ చేసే ఇంజినీర్లకు, వాటికి అనుమతులిచ్చే అధికారులకు, స్మార్ట్ రోడ్ల ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసే కన్సల్టెంట్లకు,

నమస్కారం.

మీరు వేసిన రోడ్ల మీదే నా రోజు గడుస్తుంది. రెండు పూటలా బైక్ మీద హైవే ఎక్కి దిగేవాణ్ణి. మంచి రోడ్డు మనిషికి ఎంత సుఖమిస్తుందో తెలుసు కాబట్టి ముందుగా మీకు కృతజ్ఞతలు. ఇక నేరుగా విషయానికి వస్తాను, ఎందుకంటే ఇదే మాట చెప్పడం నాకిది నాలుగోసారి.

ముందు మూడుసార్లు అర్జీలు పెట్టాను. నేను వెళ్లే దారిలో ఒకచోట బస్సు ఆగేది రోడ్డుకి ఇటుపక్క, ఇళ్లూ బడీ ఉన్నది అటుపక్క. మధ్యలో డివైడర్. దాటడానికి దారి పెట్టలేదు కాబట్టి జనమే దారి చేసుకున్నారు. డివైడర్‌లో నాటిన మొక్కలు ఆ కాస్త మేర చచ్చిపోయి, అక్కడి మట్టి అడుగులు పడీ పడీ గట్టిపడి నున్నగా అయిపోయింది. బడి పిల్లలు ఆ ఖాళీలో నిలబడి, ఒక చెయ్యి పైకెత్తి, వచ్చే లారీ నెమ్మదిస్తోందో లేదో చూసుకుని, బ్యాగు పట్టుకుని ఒక్క పరుగు తీస్తారు. మా పక్కింటి పెద్దాయన అంత పరుగు తీయలేకపోయారు. ప్రాణం దక్కింది, కాలు పోయింది.

ఆయన పడిపోయిన చోటికి ఇరవై అడుగుల దూరంలో ఈమధ్య ఒక పొడవాటి స్తంభం లేచింది. దాని మీద కెమెరాలు, స్పీడు కొలిచే పరికరం, వెలుగుతూ ఆరుతూ ఉండే బోర్డు. నా అర్జీలకి వచ్చిన ఒకే ఒక్క జవాబు ఏంటంటే, ఈ కారిడార్‌ని స్మార్ట్‌గా మారుస్తున్నాం, మీ విన్నపాన్ని అందులో భాగంగా పరిశీలిస్తాం అని. స్తంభం వచ్చింది. దాటే దారి మాత్రం ఇప్పటికీ రాలేదు.

అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. ఇది ఆ ఒక్క చోటి గొడవ అయితే నాలుగో అర్జీ పెట్టి ఊరుకునేవాణ్ణి. కానీ భవిష్యత్తు రోడ్ల గురించి ఏ దేశంలో మాట్లాడుతున్నా వినపడేవి సెన్సర్లు, కృత్రిమ మేధ, డ్రైవర్ లేని కార్లు, కరెంటు పుట్టించే రోడ్లు, ఇవే. వీటికి నేను వ్యతిరేకిని కాను, నిజంగా కాను. రోడ్డుకి తెలివి రావాలనే నేనూ కోరుకుంటున్నాను. నేను అడిగేదల్లా ఆ తెలివి ముందు డిజైన్‌లో కనపడాలి, తర్వాత మరమ్మతులో కనపడాలి, ఆ తర్వాతే స్తంభం ఎక్కాలి. ఇప్పుడు చాలాచోట్ల ఈ వరస తలకిందులైంది. దానివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో కింద ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. నడిచే మనిషికి మీరు ఎన్ని సెకన్లు ఇచ్చారో లెక్క చూడండి.

ఈ లెక్క మీకు కొత్త కాదు, కానీ ఒకసారి నాతో పాటు వెయ్యండి. నాలుగు లేన్ల హైవేలో ఒక పక్క రెండు లేన్లు, లేనుకి మూడున్నర మీటర్ల చొప్పున ఏడు మీటర్లు. రోడ్డు అంచున ఉండే పక్క పట్టీ, అంటే షోల్డర్, ఒకటిన్నర మీటరు కలుపుకుంటే ఎనిమిదిన్నర. సిగ్నళ్ల టైమింగ్ వేసేటప్పుడు మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని తీసుకుంటారు కదా, అలా అయితే ఏడు సెకన్లు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సెకనుకి 0.8 మీటరే నడుస్తారనుకోండి, పది సెకన్లు దాటిపోతుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ పది సెకన్లలో దాదాపు 300 మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఆ పెద్దాయన రోడ్డు మీద మొదటి అడుగు పెట్టేటప్పుడు కారు 300 మీటర్ల అవతల ఉండాలి. చీకట్లో, హెడ్‌లైట్ల వెలుగులో, అంత దూరాన ఉన్న బండి వేగం ఎంతో డెబ్బై ఏళ్ల కళ్లు ఎలా అంచనా వేస్తాయి? ఆయన తప్పు లేదు. ఆ తప్పు డ్రాయింగ్‌లో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఏటా సుమారు 11 లక్షల 90 వేల మంది రోడ్ల మీద చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల వయసు వాళ్లని ఎక్కువగా చంపుతున్నది ఏ జబ్బూ కాదు, రోడ్డు ప్రమాదాలే. చనిపోయేవాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్ల మీద, మోటార్ సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు. అదే నివేదిక ఇంకో మాట కూడా చెప్పింది: నడిచేవాళ్ల భద్రత విషయంలో రోడ్లకి స్టార్ రేటింగ్ ఇస్తే, ప్రపంచంలోని రోడ్లలో 80 శాతం దాకా కనీసం మూడు స్టార్లు కూడా తెచ్చుకోలేకపోతున్నాయి. ఇన్ని సెన్సర్లు వచ్చాక కూడా పరిస్థితి ఇది.

అందరికీ తెలిసినా డిజైన్ దగ్గరికొచ్చేసరికి పక్కకి పోయేది వేగం. గంటకి 30 కిలోమీటర్ల వేగంతో తగిలిన దెబ్బకి, 50తో తగిలిన దెబ్బకి తేడా చాలా పెద్దది. 50 దగ్గర మనిషి చనిపోయే అవకాశం 30 దగ్గర కంటే ఐదు రెట్లకు పైగా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాల ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుంది. ఇళ్ల మధ్య నుంచి వెళ్లే హైవేని 100 కిలోమీటర్ల వేగానికి తగినట్టు నిటారుగా, వెడల్పుగా వేసేసి, పక్కన 40 అని బోర్డు పెడితే ఎవరూ ఆగరు. డ్రైవర్‌కి వేగం ఎంతో చెప్పేది రోడ్డు వెడల్పే గాని బోర్డు కాదు.

2. మనిషి తప్పు చేస్తాడు. ఆ తప్పుకి శిక్ష చావు కాకూడదు.

ఇది నా సొంత మాట కాదు. 1997లో స్వీడన్ పార్లమెంటు 'విజన్ జీరో' అనే విధానాన్ని ఆమోదించినప్పుడు దాని వెనక ఉన్న ఆలోచన ఇదే. అంతకుముందు దాకా ప్రమాదం జరిగితే డ్రైవర్ ఏం తప్పు చేశాడు, నడిచేవాడు ఏం తప్పు చేశాడు అనే వెతికేవారు. రోడ్డు వేసినవాళ్లకీ బాధ్యత ఉందని అక్కడ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆనాడు ఏటా ఐదు వందలు దాటిన మరణాలు, 2020 తర్వాత రెండు వందల పైచిలుకుకి తగ్గాయి. ఈలోగా అక్కడ బండ్లు తగ్గలేదు.

వాళ్లు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. స్వీడన్‌లో 13 మీటర్ల వెడల్పున్న రెండు లేన్ల రోడ్లు చాలా ఉండేవి. ఓవర్‌టేక్ చెయ్యబోయి ఎదురెదురుగా గుద్దుకుని జనం చనిపోయేవారు. నాలుగు లేన్లు చెయ్యాలంటే భూమి కావాలి, డబ్బు కావాలి, ఏళ్లు కావాలి. 1998 నుంచి వాళ్లు అదే వెడల్పులో మూడు లేన్లు గీసి, ఒక పక్కకి రెండు, రెండో పక్కకి ఒకటి, కొన్ని కిలోమీటర్లకొకసారి అటూ ఇటూ మార్చుతూ, మధ్యలో ఇనుప తీగల బారియర్ కట్టారు. అంతే. ఆ రోడ్ల మీద మరణాలు నాలుగింట మూడు వంతుల మేర తగ్గాయి. అందులో ఒక్క సెన్సర్ లేదు. నా దృష్టిలో దానికంటే స్మార్ట్ రోడ్డు లేదు.

కూడలి మధ్యలో దిబ్బ చుట్టూ బండ్లు తిరిగి వెళ్లే రౌండబౌట్ సంగతీ అంతే. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండ్ల దారులు ఒకదాన్నొకటి తాకే చోట్లు 32 ఉంటే, ఒక లేన్ రౌండబౌట్‌లో 8 మాత్రమే. లోపల తిరిగే బండికే ముందు దారి ఇవ్వాలన్న నియమం బ్రిటన్ 1966లో పెట్టాకే ఇవి ఇప్పుడున్న రూపానికి వచ్చాయి. అమెరికాలో 24 కూడళ్లని రౌండబౌట్లుగా మార్చి చూస్తే, గాయాలయ్యే ప్రమాదాలు నాలుగింట మూడు వంతులు, ప్రాణాలు తీసే లేదా మనిషిని మంచాన పడేసే ప్రమాదాలు దాదాపు 90 శాతం తగ్గాయి. కరెంటు పోయినా పనిచేస్తుంది, సర్వర్ డౌన్ అయినా పనిచేస్తుంది. ఎదురెదురుగా గుద్దుకునే దెబ్బ పక్కనుంచి రాసుకునే దెబ్బగా మారుతుంది, వేగం తనంతట తనే తగ్గుతుంది.

3. గుంత గురించి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నాలాంటి బైక్ వాళ్లని రోజూ భయపెట్టేది ఇదే కాబట్టి.

గుంత ఒక్క రాత్రిలో పుట్టదు. వాన వెలిసిన తెల్లారి హైవే పక్కన బండి ఆపుకుని, చక్రాలు పడే జాడలో తారు మీద ఉన్న సన్నటి పగులుని చూడండి. వెంట్రుకంత ఉంటుంది. బరువున్న లారీ దాని మీదుగా వెళ్లగానే ఆ పగుల్లోంచి బూడిదరంగు బురద నీళ్లు చిమ్మి, మళ్లీ లోపలికి పోతాయి. ఆ బురద ఎక్కడిదో మీకు తెలుసు, కింద ఉన్న కంకర పొరల్లోని మెత్తటి పొడి. ప్రతి చక్రం ఒక పంపులా పనిచేసి, రోడ్డు కింది పునాదిని కొంచెం కొంచెం బయటికి తోడేస్తోంది. పగులు చుట్టూ తెల్లటి మరక ఆరిపోయి ఉంటే లోపల డొల్ల మొదలైనట్టే. అప్పుడు ఆ పగులుని తారుతో మూసేస్తే పని అయిపోతుంది. మూయకపోతే మరో నాలుగు వానలకి అదే గుంత, దాన్ని తప్పించబోయిన బైకు పక్క లేన్‌లోకి, ఆ లేన్‌లో వెనక ఏం వస్తోందో అదృష్టం.

కాబట్టి రోడ్డుకి మొదటి శత్రువు నీరు. నీళ్లు పక్కకి జారిపోయేలా ఇచ్చే వాలు, అంటే క్యాంబర్, సరిగా ఇవ్వకపోయినా, పక్క కాలువ పూడిపోయినా, షోల్డర్ మట్టి రోడ్డు కంటే ఎత్తుకి పెరిగిపోయినా నీళ్లు ఎటూ పోక రోడ్డులోకే దిగుతాయి. ఎన్నో కోట్ల స్మార్ట్ ప్రాజెక్టులో కాలువ పూడిక తీసే పనికి ఎంత రాశారో ఒకసారి మీ అంచనాలు తీసి చూసుకోండి. వానల తీరు కూడా మారుతోంది. పాత దశాబ్దాల వాన లెక్కలు పట్టుకుని కల్వర్టు సైజులు వేస్తే అవి ఇకముందు చాలవు.

రెండో శత్రువు అధిక బరువు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర ప్రత్యేకంగా రోడ్డు లూపులు వేసి, వాటి మీద సైనిక డ్రైవర్లు రాత్రింబగళ్లు లారీలు తిప్పారు. ఆ పరీక్షలోంచే మీరందరూ చదువుకున్న నాలుగో ఘాతం సూత్రం వచ్చింది: యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం దాదాపు పదహారు రెట్లు. ఇరవై శాతం ఎక్కువ ఎక్కిస్తే నష్టం రెట్టింపు అవుతుంది, నలభై శాతం ఎక్కిస్తే సుమారు నాలుగు రెట్లు. ఒక టన్ను యాక్సిల్‌తో వెళ్లే కారు ఒకసారి చేసే నష్టం ఒకటి అనుకుంటే, పది టన్నుల యాక్సిల్ చేసేది పదివేలు. ఇరవై ఏళ్లు ఉండాలని వేసిన రోడ్డు ఐదారేళ్లకే ఎందుకు చితికిపోతోందో ఈ లెక్కే చెబుతుంది. ఇక్కడ మాత్రం నాకు సెన్సర్లు కావాలి, గట్టిగా అడుగుతున్నాను. లారీ ఆగకుండా వెళుతుండగానే బరువు తూచే పరికరాలు రోడ్డులోనే పాతి పెట్టండి. ఓవర్‌లోడ్ లారీని పట్టుకుంటే డ్రైవర్‌ని ఒక్కణ్ణే పట్టుకోకండి, సరుకు ఎక్కించినవాణ్ణి కూడా అడగండి. ఆ డ్రైవర్‌కి ఎంత ఎక్కించాలో చెప్పే హక్కు లేదు, బ్రేకులు పడకపోతే ముందు పోయేది మాత్రం అతని ప్రాణమే.

తనంతట తనే మానిపోయే తారు గురించి కూడా చదివాను. నెదర్లాండ్స్‌లో 2010లో ఏ58 మోటార్‌వే మీద తారులో సన్నటి ఉక్కు పీచు కలిపి వేశారు, పైనుంచి విద్యుదయస్కాంత శక్తితో వేడి చేస్తే పీచు వేడెక్కి, తారు కరిగి, చిన్న పగుళ్లు వాటంతటవే మూసుకుంటాయి. చాలా గొప్ప పని. ఇలాంటివి రావాలి. కానీ ఇవి వచ్చేదాకా ఒక మనిషి, ఒక డబ్బా తారు, ఒక చీపురు చేసే పనిని ఆపెయ్యకండి.

4. లేన్లు పెంచితే రద్దీ తగ్గుతుందని ఇంకా ఎన్నాళ్లు చెబుతారు?

టెక్సస్‌లో హ్యూస్టన్ దగ్గరి కేటీ ఫ్రీవేని 2008 నాటికి, సర్వీస్ రోడ్లు కలుపుకుని, కొన్నిచోట్ల 26 లేన్ల దాకా వెడల్పు చేశారు. 2011 నుంచి 2014 మధ్యలోనే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్లీ బాగా పెరిగిపోయింది. కొత్త లేన్ ఖాళీగా కనపడితే, ఇంతకుముందు బస్సెక్కినవాళ్లూ ప్రయాణం మానుకున్నవాళ్లూ కారు తీస్తారు, దూరంగా కొత్త కాలనీలు లేస్తాయి, లేన్ నిండిపోతుంది. ఒక్కోసారి కొత్త రోడ్డు కలపడం వల్లే అందరి ప్రయాణమూ ఆలస్యమవుతుందని జర్మన్ గణిత శాస్త్రవేత్త డీట్రిష్ బ్రాయెస్ 1968లోనే లెక్క కట్టి చూపించాడు.

సాఫ్ట్‌వేర్ నిజంగా ఉపయోగపడే చోటు ఇక్కడ ఉంది, ఉన్న రోడ్డుని బాగా వాడుకోవడంలో. పిట్స్‌బర్గ్‌లో 2012లో తొమ్మిది కూడళ్లలో, వచ్చే బండ్లని చూసి పచ్చలైట్ సమయాన్ని అప్పటికప్పుడు మార్చుకునే సిగ్నళ్లు పెడితే ప్రయాణ సమయం పాతిక శాతం దాకా తగ్గింది. స్టాక్‌హోంలో 2006లో ఏడు నెలలు ప్రయోగంగా నగరం లోపలికి వచ్చే, బయటికి వెళ్లే కార్ల మీద రద్దీ రుసుము వేస్తే ఆ హద్దు దాటే ట్రాఫిక్ ఐదో వంతు తగ్గింది. మొదట వద్దన్న జనమే ఆ తర్వాత ఓటింగ్‌లో ఉండనివ్వండి అన్నారు. నా షరతు ఒక్కటే. ఆ సిగ్నల్ కార్లని మాత్రమే లెక్కపెడితే, నడిచేవాడు ఎండలో ఇంకో నిమిషం ఎక్కువ నిలబడాల్సి వస్తుంది. యాభై మంది ఉన్న బస్సునీ, ఒక్కడున్న కారునీ ఒక్కటిగా లెక్కించే కెమెరాని తెలివైనది అనలేం.

5. స్మార్ట్ అన్న పేరుతో ఇప్పటికే జరిగిన తప్పులు ఉన్నాయి, వాటిని ఇంకోసారి జనం మీద ప్రయోగించకండి.

బ్రిటన్‌లో 2006లో ఎం42 మోటార్‌వే మీద, పాడైన బండి ఆపుకోవడానికి అంచున ఉంచే హార్డ్ షోల్డర్‌ని కూడా రద్దీ వేళల్లో లేన్‌గా వాడటం మొదలుపెట్టారు. పర్యవేక్షణ ఉంది, బోర్డుల మీద వేగం మారుతుంది, బాగానే నడిచింది. ఆ తర్వాత కొన్ని మోటార్‌వేల మీద షోల్డర్‌ని శాశ్వతంగా తీసేసి, బండి పాడైతే కెమెరాలు, రాడార్లు చూసుకుంటాయి అన్నారు. ఆగిపోయిన బండిలో కూర్చున్న కుటుంబానికి, వెనక నుంచి లారీ వస్తుంటే, కంట్రోల్ రూమ్‌లో ఎవరో చూసి పైన ఎర్ర గుర్తు వేసేదాకా ఆ నిమిషాలు ఎలా గడుస్తాయో ఊహించండి. కొన్ని కుటుంబాలకి ఆ నిమిషాలు కూడా దక్కలేదు. చివరికి 2023 ఏప్రిల్‌లో, జనానికి నమ్మకం పోయిందనీ ఖర్చు పెరిగిందనీ చెప్పి, కొత్తగా కట్టాల్సిన 14 స్మార్ట్ మోటార్‌వే పథకాలని ప్రభుత్వమే రద్దు చేసింది. ఒక రక్షణని తీసేసి దాని చోట సెన్సర్ పెట్టడం వేరు, రక్షణని ఉంచి దానికి తోడుగా సెన్సర్ పెట్టడం వేరు. నేను రెండోదే అడుగుతున్నాను.

ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతంలో 2016 డిసెంబరులో ఒక కిలోమీటరు మేర సౌర ఫలకాల రోడ్డు వేశారు, సుమారు 50 లక్షల యూరోలు. ఆకులు పడ్డాయి, బరువు బండ్లు తొక్కాయి, పలకలు లేచిపోయాయి, అనుకున్నంత కరెంటు రాలేదు, 2019 నాటికి కొంత భాగాన్ని తీసెయ్యాల్సి వచ్చింది. ప్రయోగాలు చెయ్యాలి, తప్పు లేదు. కానీ ఫలితం కూడా ప్రారంభోత్సవం ఫొటోలంత గట్టిగా చెప్పాలి.

ఇంకోటి, బండ్లూ రోడ్డూ మాట్లాడుకునే పరికరాల కోసం అమెరికా 1999లో కేటాయించిన రేడియో తరంగాల్లో ఎక్కువ భాగాన్ని 2020లో వేరే వాడకానికి ఇచ్చేశారు, సాంకేతిక పద్ధతి కూడా మారిపోయింది. కాంక్రీటు ముప్ఫై నలభై ఏళ్లుంటుంది, దాని మీద బిగించిన ఎలక్ట్రానిక్స్ అందులో మూడో వంతు కాలం కూడా ఉండవు. తర్వాత మార్చడానికి డబ్బు ఎవరిస్తారో టెండర్‌లోనే రాయండి.

6. వంతెనల విషయంలో మాత్రం సెన్సర్లకి ఆలస్యం వద్దు.

2018 ఆగస్టు 14న ఇటలీలోని జెనోవా నగరంలో మొరాండి వంతెన కూలి 43 మంది చనిపోయారు. 1967లో కట్టిన ఆ వంతెనని పట్టి ఉంచే ఉక్కు తీగలు కాంక్రీటు తొడుగు లోపల ఉండేవి, తుప్పు పట్టినా బయటికి కనపడదు. అమెరికాలో మినియాపొలిస్‌లో 2007 ఆగస్టు 1న ఐ-35డబ్ల్యూ వంతెన సాయంత్రం రద్దీలో కూలి 13 మంది పోయారు, కారణం ఉండాల్సిన మందంలో సగమే ఉన్న ఉక్కు పలకలు. దాని బదులు 2008లో కట్టిన వంతెనలో మూడు వందలకు పైగా సెన్సర్లు పెట్టారు. కంటికి కనపడని చోట చూడటానికి సెన్సర్ కావాలి, ఇది సరైన చోటు. అయితే ఆ సెన్సర్ ఎర్ర గీత దాటిందని చెప్పినప్పుడు వంతెన మూసే అధికారం ఎవరికుంది? పై నుంచి అనుమతి వచ్చేదాకా ఆగాలా? వంతెన మీద డ్యూటీలో ఉన్న ఇంజినీరుకే ఆ అధికారం ఉండాలి, మూసినందుకు తర్వాత ఆయన మీద చర్య ఉండకూడదు.

7. డ్రైవర్ లేని కార్ల కోసమని రోడ్లు మారుస్తామంటున్నారు. మంచిది. ఆ కారు కెమెరాకి లేన్ గీత కనపడాలి కదా. మాకు కూడా అదే కావాలి. గీత రంగులో చల్లే గాజు పూసలు అరిగిపోతే రాత్రి వానలో హెడ్‌లైట్ వెలుగు మా కంటికి తిరిగి రాదు, నల్లటి నీటి మీద ఎటు పోతున్నామో తెలియదు. వంపు ఎక్కడ మొదలవుతుందో తెలియక ఎదురు బండి లైట్లు చూసి దారి ఊహించుకుంటూ పోతాం. రేపు వచ్చే కార్ల కోసం గీత వెయ్యాలనుకుంటే, ఇవాళ పోతున్న బైకుల కోసం ఇవాళే వెయ్యండి.

ఇవీ నా మాటలు. ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను.

మొదటిది, హైవే మీద ఇళ్లు, బడి, ఆసుపత్రి, బస్టాపు ఉన్న ప్రతి చోటా దాటే దారి పెట్టకుండా ఏ స్మార్ట్ పరికరానికీ బిల్లు పాస్ చెయ్యకండి. జనం తొక్కి చేసుకున్న కాలిబాటలు మీకు ఉచితంగా దొరికిన సర్వే. ఎక్కడ మొక్కలు చచ్చాయో అక్కడ దారి కావాలి. ఎత్తైన మెట్ల వంతెన కట్టి చేతులు దులుపుకోకండి, మోకాళ్లు నొప్పులున్నవాళ్లు, చంటిబిడ్డని ఎత్తుకున్నవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు ఎక్కలేరు. వేగం తగ్గించి, నేల మీదే, వెలుతురులో దాటనివ్వండి.

రెండోది, గుంత గురించి ఫిర్యాదు వచ్చిన రోజు, పూడ్చిన రోజు, మళ్లీ లేచిన రోజు, కాంట్రాక్టరు గ్యారంటీ ఎప్పటిదాకా ఉందో, అన్నీ ఎవరైనా చూసేలా పెట్టండి. యాప్ లేనివాళ్లు, చదువు రానివాళ్లు ఫోన్ చేసి చెప్పినా అది నమోదు కావాలి. స్మార్ట్ రోడ్డు ఎంత స్మార్టో నేను ఒక్క అంకెతోనే కొలుస్తాను, ఫిర్యాదుకి మరమ్మతుకి మధ్య ఎన్ని రోజులు.

మూడోది, ప్రతి ప్రాజెక్టు మొత్తంలో ఒక భాగాన్ని కాలువలకి, పగుళ్లు మూయడానికి, గీతలకి ముందే పక్కన పెట్టండి. దాన్ని వేరే పనికి మళ్లించే వీలుండకూడదు.

నాలుగోది, ప్రమాదం జరిగిన ప్రతిసారీ పోలీసు రిపోర్టుతో పాటు రోడ్డు రిపోర్టు కూడా రావాలి. వెలుతురు ఎంత, ఎంత దూరం కనపడుతోంది, డిజైన్ వేగం ఎంత, డివైడర్ ఖాళీ ఎందుకు ఏర్పడింది, ఇవన్నీ అందులో ఉండాలి. డ్రైవర్ నిర్లక్ష్యం అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసెయ్యడం ఆపాలి.

ఐదోది, ఆ స్తంభాల మీది కెమెరాలు ఏం రికార్డు చేస్తున్నాయో, ఎన్నాళ్లు దాచుతున్నాయో, ఎవరికిస్తున్నాయో చెప్పండి. మా నంబర్ ప్లేట్లు, మా రాకపోకలు ఏ కంపెనీకీ సరుకు కాకూడదు. బండ్ల లెక్కలు, వేగం లెక్కలు మాత్రం పేర్లు లేకుండా అందరికీ ఇవ్వండి, కాలేజీ పిల్లలే విశ్లేషించి ఎక్కడ ప్రమాదం ఉందో మీకు చెబుతారు.

2030 నాటికి రోడ్డు మరణాల్ని సగానికి తగ్గిస్తామని ఐక్యరాజ్య సమితిలో దేశాలన్నీ మాటిచ్చాయి. అంత పెద్ద లెక్క మీ ఒక్కరి వల్ల అవుతుందని నేను అనను. మీలో చాలామంది మంచి డ్రాయింగే గీస్తారని, తర్వాత ఖర్చు తగ్గించే మీటింగ్‌లో అండర్‌పాసూ ఫుట్‌పాతూ మొదట కొట్టివేతకి గురవుతాయని కూడా విన్నాను. అలా కొట్టేసినప్పుడు దయచేసి సంతకం పెట్టకండి. పెట్టాల్సి వస్తే మీ అభ్యంతరం అదే కాగితం మీద రాయండి, తర్వాత ఎవరైనా అడిగినప్పుడు ఆ కాగితం ఉండాలి.

ఈ లేఖకి జవాబుగా పరిశీలిస్తాం అన్న మాట వద్దు. ఆ బస్టాపు దగ్గర దాటే దారి పని ఏ తారీఖున మొదలుపెడతారో రాయండి. నేను రోజూ ఉదయం ఎనిమిదింటికి అక్కడ బండి ఆపి, బడి పిల్లలు దాటేదాకా నా బైకు ఇండికేటర్లు వేసి నిలబడుతున్నాను. మీరు పని మొదలుపెట్టేదాకా నిలబడతాను.

ఇట్లు,
రోజూ అదే రోడ్డు మీద వెళ్లే ఒక బైకు ప్రయాణికుడు